ఫ్లాటుకు ఆనుకుని ఉన్న జాగా

టైలరమ్మ తమ్ముణ్ని వీధిలో అందరూ బొంగరం అనేవారు. ఎవరో వెక్కిరింపుగా పెట్టిన పేరే గాని, వాడగా వాడగా అందులో వెక్కిరింపు అరిగిపోయింది. చివరికి ఆమె కూడా అలాగే పిలిచేది. వయసు నలభై దాటినా అతని బుద్ధి ఇంకా బడిలో వేయని పిల్లాడి దగ్గరే ఆగిపోయింది. మాటలు తక్కువ. ఆకలేస్తే కంచం తెచ్చి అక్క ఒళ్లో పెట్టేవాడు. చప్పుడు ఎక్కువైతే చెవులు మూసుకుని మూలకు ఒదిగేవాడు. మిగతా పొద్దంతా నడిచేవాడు. వెనక పెరట్లో, ప్రహరీ వెంబడి, ఎడమ అరచెయ్యి గోడకు రాస్తూ చుట్టూ తిరిగేవాడు. వానొస్తే తడుస్తూనే తిరిగేవాడు. వీధిలోకి మాత్రం పొమ్మన్నా పోయేవాడు కాదు. చేతికి గోడ తగలని చోట అతనికి కాలు పడేది కాదు.

నడవనిస్తే మనిషి, ఆపితే మంట అని వాళ్లమ్మ అంటుండేది. ఒకసారి పెరట్లో మెరక పోయిస్తూ రెండు రోజులు ఇంట్లోనే ఉంచితే తల గోడకేసి కొట్టుకున్నాడు. అమ్మ పోయాక ఆ భారం టైలరమ్మ మీద పడింది. ఆమెకు పెళ్లయింది, కొద్దికాలానికే తిరిగొచ్చేసింది. ఆ సంగతి ఎవరూ అడిగేవారు కాదు, ఆమె చెప్పేదీ కాదు. ముందుగదిలో మిషను పెట్టుకుని, పెరటి తలుపు బార్లా తీసి, తమ్ముడి అడుగుల చప్పుడు వింటూ కుట్టుకునేది. ఆ చప్పుడు ఆగితేనే తలెత్తి చూసేది.

ఇల్లు ముగ్గురిది. పెద్దన్న బస్సు డిపోలో గుమాస్తా, పెళ్లాం పిల్లలతో అద్దెకుండేవాడు. కప్పు కారడం మొదలై, మిషను మీద పట్టా కప్పుకుని కుట్టాల్సిన రోజులొచ్చాక, ఒక ఆదివారం బిల్డరును వెంటబెట్టుకొచ్చాడు. పాత ఇల్లు పడగొట్టి అయిదంతస్తులు లేపుతాడట. స్థలం ఇచ్చినందుకు అన్నకొక ఫ్లాటు, అక్కాతమ్ముళ్లకు కలిపి ఒక పెద్ద ఫ్లాటు. మిగిలినవి అతను అమ్ముకుంటాడు. బిల్డరు కుర్రవాడే, మాటకారి. కాఫీ చల్లారేలోగా ఇంటికి లిఫ్టు కూడా పెట్టేశాడు.

టైలరమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"నాకు పెద్ద ఫ్లాటొద్దు. కింద ఇవ్వండి. దానికి ఆనుకుని పెరడుండాలి. చుట్టూ గోడ, మా హాల్లోంచే తలుపు, పైన ఆకాశం. అది మాదొక్కళ్లదే అయ్యుండాలి. వీడు తిరగాలి."

"అంతేనా అక్కా? దానికేముంది, రాయించేద్దాం" అన్నాడు బిల్డరు.

రాయించాడు కూడా. పెరటికి బదులుగా ఆమె ఒక పడకగది వదులుకుంది. అగ్రిమెంటు రాసిన రోజు లాయరు ఆ మాట చదివి వినిపించాడు. ఫ్లాటుకు ఆనుకుని, పైకప్పు లేకుండా, యజమాని ప్రత్యేక అనుభవంలో ఉండే ఖాళీ జాగా అని ఉంది. ఆకాశం కనపడేలా అని కూడా రాయమంది ఆమె. కప్పు లేదంటే ఆకాశమేగా అని లాయరు నవ్వాడు. రెండూ రాయండి, పోయేదేముంది అంది. రాశాడు. ఆ వాక్యం చివర 'అమల్లో ఉన్న నిబంధనలకు లోబడి' అని ఉంటే అదేమిటని అడిగింది. కూరలో ఉప్పులాంటిదమ్మా, అన్ని అగ్రిమెంట్లలోనూ వేస్తాం అన్నాడు. అన్న గడియారం చూసుకుంటున్నాడు. ఆమె సంతకం పెట్టింది.

భవనం లేచేదాకా అద్దెకు దొరికింది రెండో అంతస్తులో ఒక వాటా. అక్కడ పెరడు లేదు, ప్రహరీ లేదు. బొంగరం హాలు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. కింది వాటాలో ఉండే నర్సుకు రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. ఓ వారం ఓర్చుకుని పైకొచ్చింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మీమీద నాకేం కోపం లేదండీ, నిద్ర లేదు, అంతే అంది. టైలరమ్మ సిగ్గుపడి, ముక్కల సంచులన్నీ విప్పి, గుడ్డపీలికలు పొరలు పొరలుగా కుట్టి, హాలు గోడల వెంబడి బొంతలా పరిచింది. చప్పుడు తగ్గింది గాని మెత్తటి బొంత మీద బొంగరానికి కాలు ఆనలేదు. తూలేవాడు, చిరాకుపడి చెవులు మూసుకునేవాడు. నర్సే పాపం, తన ఆస్పత్రి డాక్టరుతో మాట్లాడి మాత్రలు రాయించుకొచ్చింది. మాత్ర వేస్తే మెదలకుండా కూర్చునేవాడు. రానురాను మాత్ర లేకపోయినా కూర్చోవడం అలవాటైపోయింది.

"మన గోడ వస్తోందిరా, కొంచెం ఓపిక పట్టు" అని ఆమె అన్నం పెడుతూ చెప్పేది. చెప్పిన గడువు దాటి, దాని మీద ఇంకో గడువు కూడా దాటింది. తాళాలు చేతికొచ్చేసరికి అతని కాళ్లు పీలగా అయిపోయాయి.

అయినా బిల్డరు మాట తప్పలేదు. భవనం వెనక్కీ ప్రహరీకీ మధ్య పొడుగాటి జాగా. రెండు చివర్లా గోడలు కట్టించి మూసేశాడు. హాల్లోంచి తలుపు పెట్టించాడు. పైన ఆకాశం పట్టీలా ఉన్నా ఆకాశమే. వదిన చూసి, పోనీలే, నీ పంతం నెగ్గింది అంది.

మొదట్లో బొంగరం గడప దాటలేదు. తలుపు దగ్గర నిలబడి గోడ వంక చూసేవాడు, వెనక్కొచ్చేవాడు. ఆమె బలవంతపెట్టలేదు. ఓ పొద్దుట చినుకులు పడుతుంటే తనంతట తనే దిగాడు. గోడకు చెయ్యి ఆనించాడు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. సాయంత్రానికి చుట్టు పూర్తి చేశాడు. కొత్త ప్లాస్టరింగు గరుకుకి అరచెయ్యి చిట్లి గోడ పొడుగునా నెత్తుటి చారలు పడ్డాయి. ఆమె మందపాటి గుడ్డతో చేతికి తొడుగు కుట్టింది. తర్వాత మిషను జరుపుకుని ఆ తలుపు పక్కనే వేసుకుంది. ఆ వానాకాలమంతా అతను తిరిగాడు, ఆమె కుట్టింది. మాత్రలు డబ్బాలోనే ఉండిపోయాయి, రాత్రిళ్లు అతను హాయిగా నిద్రపోయేవాడు. ఆమెకు కూడా నిద్ర పట్టేది. పై అంతస్తుల పిల్లలు బంతి పడేసుకుంటే దాన్ని తుడిచి కిటికీ మీద పెట్టేవాడు. వాళ్లు కిందికొచ్చి అడిగితే ఇవ్వడానికి మనసొప్పేది కాదు. పిల్లలు ఆ తమాషా కోసమే బంతి పడేసేవారు.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం రెండో అంతస్తులో వంటింటికి నిప్పంటుకుంది. వంటిళ్లన్నీ వెనకవైపే. ఆ ఇంటి ఇల్లాలు మంటకు దారి లేక, వంటింటి వెనక గిన్నెలు తోముకునే చిన్న బాల్కనీలోకి వెళ్లి ఇరుక్కుపోయింది. ఫైరింజను త్వరగానే వచ్చింది. మనుషులు నిచ్చెన పట్టుకుని భవనం పక్కనుంచి వెనక్కి పరుగెత్తారు. గోడ అడ్డొచ్చింది. తిరిగి రెండోవైపు నుంచి పరుగెత్తారు. అక్కడా గోడే. టైలరమ్మ తలుపులన్నీ తీసి ఇలా రండి, ఇలా రండి అని పిలిచింది. నిచ్చెన హాల్లో మలుపు తిరగలేదు. మిషను లాగేశారు, మంచం లేపి నిలబెట్టారు, అయినా తిరగలేదు. చివరికి ఇద్దరు గోడెక్కి, నిచ్చెనను దాని మీంచి అవతలికి అందించుకుని, పైనున్న మనిషిని దించేసరికి ఆలస్యమైపోయింది. ప్రాణం దక్కింది. ఎర్రగా కాలిన ఇనప కమ్మీని పట్టుకుని నిలబడ్డ చేతులు మాత్రం దక్కలేదు. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

కొన్నాళ్లకు అపార్ట్‌మెంటు సెక్రటరీ వచ్చాడు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేవాడు, నెమ్మదైన మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అమ్మా, మీ తమ్ముడి సంగతి మాకు తెలీనిది కాదు. కానీ ఇది సెట్‌బ్యాక్. గాలికీ వెలుతురుకీ, ఇలాంటి ఆపదకీ, భవనం చుట్టూ వదలాల్సిన జాగా. ప్లానులో ఇక్కడ గోడే లేదు. మా అందరి కాగితాల్లోనూ ఇది ఉమ్మడి స్థలమనే ఉంది."

చూపించాడు. నిజంగానే ఉంది. బిల్డరు అదే జాగాను ఆమెకు సొంతమని రాసిచ్చి, మిగతా అందరికీ ఉమ్మడి అని రాసిచ్చాడు. గోడలు తీయించమని మునిసిపాలిటీకి పంపే అర్జీ మీద అందరూ సంతకాలు పెట్టారని సెక్రటరీ చెప్పి, వాళ్లలో మీ అన్నగారు కూడా ఉన్నారు అన్నాడు.

ఆమె మూడో అంతస్తుకెక్కి అన్ననడిగింది. ఆ రోజు పొగ మా ఇంట్లోకీ వచ్చింది, మాకూ పిల్లలున్నారు అంది వదిన. దెబ్బలాడటానికే వెళ్లిన టైలరమ్మ సోఫా అంచున కూర్చుండిపోయింది.

"వాళ్లది అబద్ధమైతే పోట్లాడేదాన్ని అన్నయ్యా. అబద్ధం కాదు. ఆవిడ చేతులు చూశాను. నా గోడే కదా అడ్డమొచ్చింది."

"మరేం చేస్తావు?" అన్నాడు అన్న.

ఆమె నేరుగా లాయరు దగ్గరికి వెళ్లింది. ఆయన పాత అగ్రిమెంటు తిరగేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అది అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టయిందమ్మా అన్నాడు. సెట్‌బ్యాక్ ఎవరికీ సొంతంగా ఇవ్వడానికి వీల్లేదు, కాబట్టి ఆ మాట రాసినరోజే చెల్లదు. మరి ఆ రోజు మీరెందుకు చెప్పలేదని ఆమె అడిగితే, పెరడు ఎక్కడొస్తుందో ప్లాను నాకు చూపించలేదుగా అన్నాడు. బిల్డరు మీద కేసు వేయొచ్చు, గెలవొచ్చు కూడా.

"గెలిస్తే పెరడొస్తుందా?"

"పరిహారం వస్తుంది. లేని జాగా కోర్టు మాత్రం ఎక్కణ్నుంచి తెచ్చిస్తుంది?"

బిల్డరు వేరే చోట పునాదులు తవ్విస్తున్నాడు. ఆమెను చూడగానే ఎదురొచ్చి కుర్చీ వేయించాడు. నిబంధనలకు లోబడి అని రాసుకున్నాం కదక్కా, మునిసిపాలిటీ వద్దంటే నేనేం చెయ్యను అన్నాడు. కావాలంటే డాబా మీద అంతే జాగా గోడకట్టి ఇస్తానన్నాడు. డాబా కూడా అందరిదే. ఆ మాట తెస్తే సెక్రటరీ కోప్పడలేదు, జాలిగా చూశాడు. వదులుకున్న పడకగదైనా ఇమ్మందామంటే, అందులో పక్కఫ్లాటువాళ్ల పిల్లాడు మంచం వేసుకుని చదువుకుంటున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గోడలు కూల్చడానికి వచ్చిన రోజు ఆమె తమ్ముణ్ని స్నానాలగదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడకుండా కొళాయి తిప్పి వదిలేసింది. చెవుల మీద అతని చేతులు, అతని చేతుల మీద ఆమె చేతులు. పనివాళ్లు సిమెంటు ముక్కలు ఎత్తుకుపోయాక తలుపు తీసింది. అతను పెరట్లోకి దిగాడు. ప్రహరీకి చెయ్యి ఆనించి నడిచాడు. అడ్డగోడ ఉండాల్సిన మూల దగ్గర ఆగాడు. పక్కకి తిరిగి చెయ్యి చాపాడు. గాలి తగిలింది. వెనక్కి తిరిగి రెండో చివరికి వెళ్లాడు. అక్కడా అంతే. పొద్దువాలేదాకా ఆ చివరికీ ఈ చివరికీ వెళ్లొస్తూనే ఉన్నాడు. చుట్టు మాత్రం దొరకలేదు.

నెల తిరక్కుండా ఆ దారిలో మోటారు సైకిళ్లు చేరాయి. తర్వాత ఒక కారు. ఫైరింజనుకు దారి కదా అని ఆమె సెక్రటరీకి చెప్పింది. ఆయన కాగితం అంటించాడు, కాగితం కింద ఇంకో బండి నిలబడింది. బొంగరం బండ్ల మధ్య ఒరుసుకుంటూ నడిచేవాడు. అద్దాలు విరిగాయి, గీతలు పడ్డాయి. మాటలు పడింది ఆమె.

ఒక ఉదయం ఆమె కొలతలు తీసుకుంటుండగా అతను ప్రహరీ వెంబడే వెళ్లి, భవనం ముందువైపుకు వచ్చి, గేటు తీసి ఉంటే బయటి గోడ పట్టుకుని వీధిలో పడ్డాడు. ఒక ఇంటి గోడ తర్వాత ఇంకో ఇంటి గోడ. మర్నాటికి గాని దొరకలేదు. ఊరి చివర, బిల్డింగు కోసం ప్రహరీ కట్టి వదిలేసిన ఖాళీ స్థలంలో తిరుగుతున్నాడని కాపలామనిషి కబురు పెట్టాడు. అన్నాచెల్లెళ్లిద్దరూ పరుగున వెళ్లారు. కాళ్లు పుళ్లయి ఉన్నాయి. మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది. అక్కను చూసి ఆగలేదు. ఆమె కూడా వెంటనే ఆపలేకపోయింది. కాసేపు అతని వెనకే నడిచింది. ఇక చాల్లే చెల్లీ అని అన్న గట్టిగా అన్నాకే చెయ్యి పట్టుకుంది. రానని పెనుగులాడాడు. ఇద్దరు మనుషులు పట్టాల్సొచ్చింది.

అప్పట్నుంచి తలుపుకు లోపల తాళం.

ఇలాంటివాళ్ల కోసం ఊరి బయట ఒక హోమ్ ఉందని, పెద్ద మైదానం ఉందని నర్సు చెబితే బస్సెక్కి చూడ్డానికి వెళ్లింది. మైదానం నిజంగానే పెద్దది, చుట్టూ ఎత్తయిన గోడ. ఆమె గుండె ఒక్క క్షణం తేలికపడింది. దగ్గరికెళితే గోడ పక్కన గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. ఎక్కడా కాలిబాట లేదు. మనుషులంతా వరండాలో బల్లల మీద వరసగా కూర్చుని ఉన్నారు. మైదానంలోకి వదలరా అని అడిగింది.

"వదిలితే మళ్లీ లోపలికి తోలుకురావడానికి మనుషులేరమ్మా?" అంది అక్కడి ఆయా. "బల్లమీద కూర్చోవడం అలవాటు చేస్తాం. మెల్లగా అందరూ అలవాటు పడతారు."

ఆ పని నేనూ చేయగలను అనుకుని టైలరమ్మ తిరిగొచ్చేసింది.

మొన్న ఆదివారం అన్న వచ్చి, ఈ ఫ్లాటు అమ్మేసి ఎక్కడైనా పెరడున్న పాత ఇల్లు చూద్దామన్నాడు. ఆ అర్జీ మీద సంతకం పెట్టినప్పట్నుంచీ అతనికి సరిగ్గా నిద్ర లేదు. ఇద్దరూ కలిసి మూడిళ్లు చూశారు. రెండు అప్పటికే బిల్డర్లకు ఇచ్చేశారు. మూడోదాని యజమాని డెవలప్‌మెంటుకే మాట్లాడుతున్నామని చెప్పి, మీకు తెలిసిన మంచి బిల్డరెవరైనా ఉన్నారా అని అడిగాడు.

ఇంటికొచ్చాక వేరే పేటలో చూద్దాంలే అన్నాడు అన్న. చూద్దాం అంది ఆమె. అతను పైకి వెళ్లిపోయాడు. బొంగరం మంచం మీద, కూర్చోబెట్టిన చోటే కూర్చుని ఉన్నాడు. ఆమె అతనికి అన్నం కలిపి తినిపించి, మధ్యాహ్నం మాత్ర వేసి, అతని తల వాలేదాకా పక్కనే ఉండి, కుట్టాల్సిన బట్టలు ముందేసుకుంది.