గంజి పారిన బండలు

దేవేంద్రప్ప పడ్డప్పుడు ఈరక్క రుబ్బురోలు దగ్గర ఉంది. మనిషి అరుపు కంటే ముందు గుండిగ బండకు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. తల తిప్పేసరికి అతను పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. పొయ్యి మీది నుంచి అప్పుడే దించి వార్చిన అన్నం అతని చుట్టూ బండల మీద ఆవిర్లు కక్కుతోంది. గుండిగ రెండో పక్క పట్టుకున్న మారెన్న ఉత్త చేతులతో నిలబడిపోయాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు అది. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. గుమాస్తాలకు మధ్యాహ్నం కూడు కావాలి. మద్దిలేటి రెడ్డి మిలిటరీ హోటల్లో గుండిగల లెక్క పెరిగింది, వంటిల్లు పెరగలేదు. వార్చిన గంజి బండల మీదుగానే పారి మూలనున్న తూములోకి పోవాలి. నాపరాళ్ళు నునుపు తేలాయి. మునుపు కాలు జారకుండా వాటి మీద పొయ్యి బూడిద చల్లేవారు. ఆఫీసర్లు భోజనానికి రావడం మొదలయ్యాక రెడ్డి దాన్ని మాన్పించాడు. "బండలు అద్దం మాదిరి ఉండాల" అన్నాడు.

మారెన్న మరో ఇద్దరిని పిలిచి, దేవేంద్రప్పను గోనెపట్టా మీద ఎత్తి జట్కాలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. వంటింట్లో ఈరక్క మిగిలింది. బండల నిండా అన్నం. కోసిగి పక్క ఊరు వదిలి, వానల్లేక వలస వచ్చిన మనిషి ఆమె. అన్నానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టింది. కొంగు బిగించి మెతుకులన్నీ చాటలోకి ఎత్తింది. నీళ్ళు కొట్టి, పీచుతో రుద్ది, గుడ్డతో తుడిచింది.

లేచేసరికి రెడ్డి గడపలో ఉన్నాడు. వంగి బండను వేలితో తడిమాడు.

"ఈడ యాడ పడినాడే? తడే లేదే! సారా తాగి బజార్లో పడింటాడు."

సాయంత్రానికి ఊరంతా ఆ మాటే తిరిగింది. మద్యనిషేధం రోజులు. తాగి పడ్డాడంటే నష్టపరిహారం పోవడమే కాదు, ఆసుపత్రి మంచం దగ్గరికి పోలీసులు వస్తారు.

మరునాడు వడ్డనలయ్యాక పనివాళ్ళంతా వెనక దొడ్లో కట్టెల దగ్గర చేరారు. ప్రెస్సు కార్మికుల యూనియన్ నుంచి జ్ఞానరాజు వచ్చాడు. అతను రోజూ ఆ హోటల్లోనే తింటాడు.

"తుంటి ఎముక ఇరిగింది. ఇంగ బరువు మోయలేడు. పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం కట్టాలని చట్టం ఉండాది. అది మిల్లులకే గానీ హోటళ్ళకు గాదంటాడు రెడ్డి. ఆ కొట్లాట కొట్లాడదాం. ముందు వంటింట్లో పడినాడని రుజువు గావాల. లేబర్ ఆఫీసరు రేపొస్తాడు."

"నేను చూసినా గదా!" అన్నాడు మారెన్న.

"నువ్వు గూడా తాగినావంటాడు."

ఒకరిద్దరు నవ్వారు. మారెన్న ఈరక్క మీదికి తిరిగాడు. "ఏమక్కా, అంత తొందరగా కడగాల్నా? రెడ్డి ఇనాము ఇస్తాడనా?"

"అన్నం తొక్కమంటావేమిరా? మీ యమ్మ నీకు నేర్పలేదా?"

దేవేంద్రప్ప భార్య మహాదేవమ్మ ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి కట్టెల మీద కూర్చుని ఉంది. "తెలివి రాంగానే ఆయప్ప గూడా అదే అడిగినాడు. అన్నం ఎవురూ తొక్కలేదు గదా అని" అంది.

వడ్డించే ఆంజనేయ గొణిగాడు. "మనం నోరెత్తితే రెడ్డి కోసిగికి లారీ పంపుతాడు. ఒకన్ని పిలిస్తే పదిమంది ఎక్కొస్తారు. ఈ కరువులో ఎవురు కాదంటారు?"

"వాళ్ళు గూడా ఈ బండల మీదనే నడవాల గదప్పా" అన్నాడు జ్ఞానరాజు.

ఈరక్క లేచింది. "కడిగింది నేనే. ఆ పొద్దు తడి పోయింది. రేపు గంజి వార్చమా? ఆఫీసరును ఆ ఏళకే తోలుకొని రాప్పా."

రెడ్డి ఆఫీసరును పొద్దున్నే రమ్మని కబురు పెట్టాడు. జ్ఞానరాజు ఆఫీసు గుడారం దగ్గరే ఆయన్ని ఆపి, అన్నం వార్చే వేళ దాకా కదలనివ్వలేదు.

ఆయన వంటింటి గడపలో ఆగాడు. మారెన్న గుండిగ వంచాడు. గంజి బండల మీద పరుచుకుంది. అంతే, పనివాళ్ళంతా గోడ దగ్గరికి జరిగారు. భోజనాల గదిలో ఆకుల ముందు కూర్చున్న గుమాస్తాలు అన్నం కోసం కేకలేస్తున్నారు.

"ఎత్తండిరా!" అన్నాడు రెడ్డి.

"మీరొక పక్క పట్టండి సామీ, ఆ గడప దాకా" అంది ఈరక్క. "రెండో పక్క మారెన్న పడతాడు. దేవేంద్రప్ప యాడ పడినాడో దొర చూడనీ."

"కూటికి గతిలేక వచ్చి నాకు పని చెప్తాండావా?"

"చెప్తాండా."

ఆఫీసరు రెడ్డి వైపు చూశాడు. "గుండిగ అక్కర్లేదు. ఊరికే నడిచి రండి."

రెడ్డి పంచె ఎత్తి పట్టుకుని అడుగు వేశాడు. మడమ జారింది. గోడ పట్టుకున్నాడు.

"బూడిద చల్లండిరా ముందు!"

ఎవరూ కదల్లేదు.

"బూడిద ఎందుకు?" అన్నాడు ఆఫీసరు.

ఆఫీసరు కాగితం మీద రాసుకున్నాడు. "ఇక్కడే పడ్డాడని రాస్తాను. పరిహారం సంగతి పైవాళ్ళు తేల్చాలి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

"పైవాళ్ళంటే ఎవురు?" అని మహాదేవమ్మ అడిగింది.

"రెడ్డి చుట్టాలే ఉంటారులే" అన్నాడు ఆంజనేయ.

"తేలేదాకా ఈడనే కూర్చుంటాం" అని ఈరక్క గంజిలోనే చతికిలబడింది. మారెన్న కూర్చున్నాడు. ఆంజనేయ గరిటె చేత పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత అతనూ కూర్చున్నాడు.

రెడ్డి పిలిపిస్తే పోలీసులు వచ్చారు. రెడ్డి వేలు పెట్టి చూపిన ఈరక్కనూ మారెన్ననూ లేపి వీధిలోకి నడిపించారు. మిగతావాళ్ళు తడిబట్టలతోనే వెంట నడిచారు. పక్క హోటలు ముందుకు వచ్చేసరికి, చేతులకు పిండితో ఒక ఆడమనిషి బయటికి పరుగెత్తుకొచ్చింది.

"మా వంటింట్లో గూడా పోయిన నెల ఒకామె జారి పడింది. చెయ్యి ఇరిగింది. ఎవురికి చెప్పాలక్కా?"

"రా, పోతా మాట్లాడుకుందాం" అంది ఈరక్క.

పోలీసు లాఠీ అడ్డం పెట్టాడు. "నిన్నెవురు పిలిచినారే?"

"ఎవురూ పిల్చలేదు" అని ఆమె లాఠీ కింద నుంచి వంగి ఇవతలికి వచ్చింది. ఆమె వెనక, ఆ వంటింట్లో, పొయ్యిలో మండుతున్న కట్టెల మీద ఎవరో నీళ్ళు గుమ్మరించారు.