హెట్టికి పాలు

యుద్ధంలో ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు పాడి ఆవుల్ని కూడా ఇచ్చుకోవాలని సంధిలో రాశారట. రాసిన పెద్దమనుషుల్లో ఒక్కరికైనా పాలు పితకడం వచ్చో రాదో నాకు తెలియదు. ఓడినవాళ్ళం మేమే; హెస్సెన్ ప్రాంతంలో మా పల్లె వంతు మూడు ఆవులు. వాటిని ఎంచే పనిని జిల్లా అధికారి మా ఊరి మోరిట్జ్‌కి అప్పగించాడు. పశువుల బేరగాడు కదా, ఊళ్ళో ప్రతి పొదుగూ ఆయన ఎరిగినదే. ఆయన ముందుగా తన రెండు ఆవుల్నీ ఇచ్చేశాడు. మూడోదానికి చీటీలు వేస్తే మా తమ్ముడు ఎగ్బర్ట్ పేరు వచ్చింది. వాడికున్నది ఆ ఒక్క ఆవే. ఇంట్లో చంటిపిల్ల హెట్టి. తల్లి లీసెల్‌కి పాలు పడలేదు.

“చీటీ తీసింది నువ్వే కదరా,” అన్నాను.

“మడిచిందెవడు? ఆ యూదుడే కదా!”

“మడిచింది మీ బావ. ఆయనకు చొక్కా మడవడమే రాదు, ఇంక మోసం కూడానా?”

వాడు నవ్వలేదు.

మర్నాడు మోరిట్జ్ మేకపాలు పట్టుకొచ్చాడు. “పసిదానికి, ఎగ్బర్ట్ బాబూ.”

“ఆవును మింగి మేకను చూపిస్తున్నావా? నా గడప తొక్కావంటే కాళ్ళు విరుగుతాయి!”

అప్పట్నుంచి ఆయన రోజూ పొద్దున్నే మా ఇంట్లో పాలు ఇచ్చి వెళ్ళేవాడు. బడిపిల్లల తల్లులు వాళ్ళ మాస్టారికి, అంటే మా ఆయనకి, పంపుతున్నారని చెప్పి నేను లీసెల్‌కి అందించేదాన్ని. హెట్టి బుగ్గలు నిండుతున్నాయి.

ఒకరోజు ఎగ్బర్ట్ మా గుమ్మంలో మోరిట్జ్‌ని చూశాడు. తిన్నగా ఇంటికి వెళ్ళి, లీసెల్ చేతిలోని పాలు లాక్కుని వాకిట్లో పారబోశాడు.

వెనకాలే పరిగెత్తాను. “ఆవును పట్టుకెళ్ళింది సంధిరా! అది రాసింది పారిస్‌లో!”

“పారిస్ నాకు అందదక్కా. మోరిట్జ్ ఇల్లు పక్క వీధే.”

మళ్ళీ నా చేతి పాలేవీ వాడు గడప దాటనివ్వలేదు. చలికాలం ముగియకముందే హెట్టి పోయింది.

కొన్నేళ్ళ తర్వాత పట్నం నుంచి గోధుమరంగు చొక్కాల పార్టీవాళ్ళు వచ్చారు. వాళ్ళ పారిస్ కూడా పక్క వీధిలోనే ఉంది. ఎగ్బర్ట్‌ని వేదికెక్కించి కథ చెప్పించారు. చెప్పినప్పుడల్లా ఆవు ఇంకో లీటరు ఎక్కువ ఇచ్చేది. చీటీల ఊసు లేదు, మేకపాల ఊసు అసలే లేదు. చివర్లో “యూదుడు నా బిడ్డను చంపాడు” అనేవాడు. నిజంగా ఏడ్చేవాడు, పాపం. ఊరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టేది.

నా పక్కన లీసెల్ లేవలేదు. ఆ చప్పట్ల మధ్య నా చెవి దగ్గరగా వంగింది.

“వదినా, హెట్టి ఆ పాలు ఇష్టంగా తాగేది కదూ?”