గ్లౌజులు విప్పం

దయమ్మ కళ్ళు మూసుకుపోయి ఇసుకలో దొర్లుతోంది. మా మేనేజరు కూర్మనాథం గాలి తన వైపు రాని చోటు చూసుకుని నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని "ఉబ్బసం" అని తేల్చేశాడు. చదువుకున్న డాక్టరైతే గుండె మీద గొట్టం పెట్టి చూడాలి. ఈయనకు రుమాలు చాలు.

సన్యాసమ్మ మంచినీళ్ళు చెంబుతో ముంచి దయమ్మ కళ్ళలో ధారగా పోస్తుంటే మాత్రం ఆయన ప్రాణం విలవిల్లాడింది.

"ఓలమ్మో, ఆపండే! రొయ్యపిల్లలకని తెచ్చిన నీళ్ళవి!"

ఉద్దానంలో సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల్ని పెంచే హేచరీ అది. దయమ్మ కాక మేం పద్దెనిమిది మంది ఆడవాళ్ళం. తొట్లు కడగడం, సముద్రపు నీళ్ళలో బ్లీచింగ్ పౌడరు కలపడం మా పని. "తుపాను ఎల్లాక పంచాయితీవోల్లు మీ బావుల్లో జల్లుతారే, అదే ఇది" అని కూర్మనాథం చెప్పాడు. మేం నమ్మాం. దానికంటే ఎంతో ఘాటైన సరుకని ఆయనకు తెలుసు. ఆ రోజు పైపులు కడిగిన యాసిడ్ మగ్గును కడగనివ్వకుండా, పౌడరు ముంచమని దయమ్మ చేతికిచ్చాడు. ముంచగానే పచ్చటి పొగ లేచింది.

దయమ్మను ఆటోలో పలాస ఆసుపత్రికి పంపాక ఆయన చూపు గ్లోరీ మీద ఆగింది.

"ఎల్లుండి నించి పౌడరు పని నీదేనే గుంటా."

గ్లోరీ నా కూతురు. ఇంటరు పాసై నాతోపాటే పనికొస్తోంది. అది తుమ్మితేనే ప్రార్థనకు మోకరించే మనిషిని నేను. దాని చూపు అప్పుడే పోయినట్టు, నేను చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు కళ్ళకు కట్టింది.

మర్నాడు అన్నాల వేళ, గోడవైపు తిప్పి పెట్టిన పౌడరు డ్రమ్మును గ్లోరీ ఇటు తిప్పింది. దాని మీది ఇంగ్లీషును మాకు తెలుగులో చదివింది. గ్లౌజులు, కళ్ళద్దాలు, మాస్కు లేకుండా ముట్టకూడదు. యాసిడ్‌కు దూరంగా ఉంచాలి. పౌడరును కొంచెం కొంచెంగా నీళ్ళలో వెయ్యాలి గానీ పౌడరు మీద నీళ్ళు పొయ్యకూడదు. కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా నీళ్ళతో కడగాలి.

"మనం పౌడరు మీదే గదేటి పోత్తన్నాం!" అంది సన్యాసమ్మ. "బేగి అవుద్దని ఆడే సెప్పాడు. ఈడి బేగి తగలెయ్య!"

"పని మానీ తల్లీ, నీకు దండం పెడతాను" అన్నాను గ్లోరీతో.

"నాను మానీత్తే ఆ మగ్గు ఎవులు పడతారే అమ్మా? నువ్వో, ఇంకో అమ్మ కూతురో గదా."

నాకు సిగ్గేసింది. నా కూతురు తప్పుకుంటే ఇంకొకరి కూతురు ఉందిలే అనే నా ఆలోచనకూ కూర్మనాథం ఆలోచనకూ తేడా ఏమిటి?

మూడో రోజు తనిఖీ. పొద్దున్నే కూర్మనాథం అట్టపెట్టె విప్పి పద్దెనిమిది మందికీ కొత్త గ్లౌజులు, కళ్ళద్దాలు, మాస్కులు పంచాడు. ముఖం నిండా దయ. అధికారి ఒక కొబ్బరిబొండం తాగేంత సేపు ఉండి, మాతో ఫోటో దిగి వెళ్ళిపోయాడు. జీపు దుమ్ము అణగకముందే పెట్టె మళ్ళీ మా ముందుకొచ్చింది.

"తీసీండి, తీసీండి. మడతలు పడనీకండి. మల్లొచ్చే తనిఖీకి కావాల."

వరసలో ముందు గ్లోరీ.

"నాను ఇప్పను."

"ఏటీ? అద్దాలెట్టగానే సినిమా యాక్టరువనుకున్నావేటి?"

"ఆ పిల్ల ఇప్పదు, నానూ ఇప్పను" అంది సన్యాసమ్మ. "ఉబ్బసమే గదా బాబూ! నీకు నేదు గదా! ఉత్త సేత్తో ఒక్క దోసెడు పౌడరు తీసి సూపించు. అప్పుడిప్పుతాం."

కూర్మనాథం చేతులు జేబుల్లోకి పోయాయి. అందరూ నవ్వారు. నేను మాత్రం భయంతో అప్పటికే ఎడమ గ్లౌజు సగం లాగేశాను. గ్లోరీ నన్ను చూసింది. గ్లౌజును మళ్ళీ మణికట్టు దాకా తొడుక్కున్నాను.

గంటలో పోలీసు వ్యాను వచ్చింది. దయమ్మ పడిపోయిన రోజు ఎంత పిలిచినా రాని పోలీసులు!

"ఏం దొంగతనం జరిగింది?" అన్నాడు ఎస్సై, కూర్మనాథంతో.

"గ్లౌజులు సార్."

"ఎక్కడ దాచారు?"

"తొడుక్కున్నారు సార్."

ఎస్సైకి నవ్వొచ్చింది గానీ పైనుంచి ఫోనొచ్చినట్టుంది, మింగేశాడు. "విప్పుతారా, వ్యాను ఎక్కుతారా?"

జన్మలో పోలీసు గుమ్మం తొక్కని మనిషిని. లాఠీలు, జైలు, కోర్టు, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి. అయినా ముందు నేనే ఎక్కాను. వెనక గ్లోరీ. తర్వాత సన్యాసమ్మ. పదిహేడు మందిమీ ఎక్కేసరికి పోలీసులకు చోటు లేకపోయింది. వ్యానులో పట్టని పద్దెనిమిదో ఆమె గ్లౌజులతోనే దయమ్మ దగ్గరకు పలాస బయలుదేరింది.

మందస పోలీసు స్టేషను దారిలో ఇంకో హేచరీ గేటు ముందు ట్రాక్టరు అడ్డమొచ్చి వ్యాను ఆగింది. పని దిగి వస్తున్న ఆడవాళ్ళు మా చుట్టూ మూగారు. వాళ్ళ అరచేతులు తోలు ఊడి ఎర్రగా ఉన్నాయి.

"అవి మీకెవులిచ్చారమ్మా?" అనడిగింది ఒకామె, నా గ్లౌజును ముట్టుకుని.

కిటికీ ఊచల్లోంచి గ్లోరీ అరిచింది:

"ఎవులూ ఇవ్వనేదప్పా! మేమే ఇప్పనేదు!"

వ్యాను కదిలింది. ఆ ఆడవాళ్ళు ఇళ్ళ దారి పట్టలేదు. వెనక్కి తిరిగి, వాళ్ళ మేనేజరు గది వైపు నడిచారు.