దుప్పటి రెండో కొస

గోడమేకుకు తగిలించిన దుప్పటి చర్రున చిరిగింది. యంత్రాల మోతలో కూడా ఆ చప్పుడు అందరికీ వినిపించింది. మడతల బల్ల దగ్గరున్న ఆడవాళ్లు ఒక్కసారి తలలు తిప్పి చూసి, అంతే తొందరగా మళ్లీ పనిలో పడ్డారు.

"చించేశావా?" సూపర్వైజరు నడుం మీద చేతులేసుకుని వచ్చాడు. "మేకుకి తగిలించి మడత పెట్టమని ఎవరు చెప్పారు నీకు?"

"మేకు కాక ఇంకెవరున్నారు సార్ నాకు? ఇక్కడ నన్ను చూసి పక్కకి జరగనిది అదొక్కటే," అంది పిట్ట.

ఎవరో కిసుక్కున నవ్వి నాలిక కరుచుకున్నారు. సూపర్వైజరు చిరిగిన దుప్పటిని ఎత్తి చూసి, విసుగ్గా మూలకు విసిరేశాడు. "మధ్యాహ్నం సంఘం వాళ్లు వస్తున్నారు. ఏదో ఒకటి వాళ్లే తేలుస్తారు. అందాకా ఏదీ ముట్టుకోకు," అని వెళ్లిపోయాడు.

పిట్ట అన్న పేరు ఆమెకు ఈ షెడ్డులోనే వచ్చింది. పొద్దున్న లోపల కాలు పెట్టింది మొదలు సాయంత్రం గేటు దాటేదాకా నోరు మూతపడదని తోటి పనివాళ్లు పెట్టారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆ మధ్య ఆమెకు టీబీ వచ్చింది. కొన్నాళ్లు ఆస్పత్రిలో, కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండి, ఇచ్చిన మందులన్నీ మింగింది. "ఇక నీ వల్ల ఎవరికీ అంటదు, పనిలోకి పో" అని డాక్టరు చెప్పాకే వచ్చింది. వచ్చి వారమైంది. ఈ వారమంతా ఆమె మాటలకు ఊఁ కొట్టినవాళ్లు లేరు.

అది పెద్దాస్పత్రి బట్టలుతికే షెడ్డు. వార్డుల నుంచి బండ్లకొద్దీ దుప్పట్లు వస్తాయి. రక్తం, చీము, వాంతి, చచ్చిపోయినవాళ్ల చెమట, అన్నీ వాటిలోనే ఉంటాయి. మరిగే నీళ్లలో వేసేముందు వాటిని వేరు చేసేది ఈ ఆడవాళ్ల చేతులే. ఒక్కరూ ముక్కు మూసుకోరు. అలాంటి చేతులు, రోగం తగ్గిన మనిషి దగ్గరకు వచ్చేసరికి వెనక్కి పోయాయి. ఈ కథ చెబుతున్న నాకు వాళ్ల మీద కోపం వస్తుంది. ఆ కోపం పూర్తిగా న్యాయమైనది కాదనీ తెలుసు.

ఎందుకంటే దుప్పటి మడత ఒక్కరి పని కాదు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని, బిగించి లాగి, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. కలిపిన ప్రతిసారీ ముఖానికి ముఖం జానెడు దూరంలో ఉంటుంది. అందుకే ఇక్కడ జోడీ కట్టడమంటే పెళ్లి సంబంధం కుదిర్చినంత పని. ఎవరి చేయి విసురు ఎలాంటిదో, ఎవరి నోట్లో మాట దాగుతుందో అన్నీ చూసుకుని కడతారు. మొగుళ్లకు తెలియని సంగతులు ఆ జానెడు దూరంలో ఒకరి నుంచి ఒకరికి చేరతాయి.

పిట్టకు జోడీ ఆమె వదినే, సొంత అన్న పెళ్లాం. ఈ పనిలో చేర్పించింది కూడా ఆవిడే. మూడో కడుపు కూడా నిలవలేదని పిట్ట మొట్టమొదట చెప్పుకున్నది ఆవిడకే, వేడివేడి దుప్పటి మడుస్తూ. ఆ రోజు వదిన కొసలు కలపడానికి వచ్చి, దుప్పటితో సహా మరదల్ని కావలించుకుంది. పిట్ట ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ అన్నం వండి తెచ్చిందీ ఆవిడే. గిన్నె వార్డు గుమ్మంలో పెట్టి, వరండా చివరికి పోయి నిలబడి, "తినవే, చల్లారిపోతుంది" అని కేకేసేది. అది వార్డు నియమం కాబోలని పిట్ట అనుకుంది.

పనిలోకి వచ్చిన మొదటి రోజు పిట్ట కొస అందిస్తే వదిన అందుకోలేదు. "ఇవాళ నేను బాయిలర్ దగ్గరుంటాలే" అంది. మర్నాడు వేరే ఆమెతో జోడీ కట్టింది. సొంత వదినే వదిలేశాక ఇంకెవరు పట్టుకుంటారు? పిట్ట బల్ల దగ్గరుంటే తాము పని మానేస్తామని మిగతావాళ్లు తెగేసి చెప్పారు. తలనొప్పి ఎందుకని సూపర్వైజరు పేటలోని సయోధ్య సంఘానికి కబురు పెట్టాడు.

సంఘం వాళ్లు చెడ్డవాళ్లు కాదు. కుళాయి తగువులు, గోడ తగువులు ఎన్నో తీర్చారు. ఎందరినో కోర్టు మెట్లెక్కకుండా కాపాడారు. పెద్ద దిక్కు టీచరమ్మ, బడి ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తోడుగా మందుల షాపాయన వచ్చాడు. ఎవరూ ఎక్కువా తక్కువా కాదని టీచరమ్మ కుర్చీలు గుండ్రంగా వేయించింది. అందరూ కూర్చున్నారు. పిట్టకు అటొక కుర్చీ, ఇటొక కుర్చీ ఖాళీగా ఉండిపోయాయి. టీచరమ్మ అది చూసి, గొంతు సవరించుకుంది.

"మనసులో ఏముందో చెప్పండమ్మా. ఒకళ్లు మాట్లాడేటప్పుడు ఒకళ్లు వినాలి, అంతే," అంది.

వదిన లేచి నిలబడింది. "నాకు దాని మీద కోపమేం లేదు టీచరమ్మా. అది నా చేతుల్లో పెరిగిందే. కానీ మా అమ్మ ఈ దగ్గుతోనే పోయింది. పోయేటప్పుడు పక్కనున్నది నేనే. ఇప్పుడు ఇంట్లో నెలల పిల్లాడు, నా మనవడు. తగ్గిందని డాక్టరు చెప్పాడు, కాదనను. డాక్టరుకేం, ఆయనింటికి ఆయన పోతాడు. పిల్లాణ్ణి పక్కలో వేసుకునేది నేను కదా!" చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదు.

"ఆ మాట నా ముఖం చూసి చెప్పు వదినా," అంది పిట్ట.

వదిన టీచరమ్మ ముఖమే చూస్తూ కూర్చుంది.

టీచరమ్మ, షాపాయన, సూపర్వైజరు కాసేపు గుసగుసలాడుకున్నారు. తర్వాత టీచరమ్మ నవ్వుముఖంతో తీర్పు చెప్పింది. ఇకనుంచి పిట్టకు దిండుగలీబులు. వాటికి రెండో మనిషి అక్కర్లేదు. కిటికీ పక్కన విడిగా బల్ల, కూర్చోడానికి స్టూలు, గాలీ వెలుతురూ. జీతం ఏమీ తగ్గదు. ఎవరూ ఒక్క మాట అనడానికి వీల్లేదు. "అందర్నీ కలుపుకుపోవడమంటే ఇదే. ఇందులో ఓడిపోయినవాళ్లెవరూ లేరు," అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎన్నాళ్లు టీచరమ్మా?" పిట్ట అడిగింది.

"ఎన్నాళ్లని ఏముంది అమ్మాయీ! నీకు సుఖంగా ఉంటుంది కదా."

"నాకు రోగం తగ్గినట్టా, తగ్గనట్టా?"

"తగ్గింది. ఎవరు కాదన్నారు?"

"మరి తగ్గినదాన్ని విడిగా కూర్చోబెట్టడం దేనికి?"

షాపాయన కల్పించుకున్నాడు. "మంచికి పోతే ఇలాగే ఉంటుంది. ఇంతమంది నీ కోసం పనులు మానుకొచ్చాం. ఒప్పుకో తల్లీ."

సంఘం పద్ధతి ప్రకారం రెండు పక్షాలూ "ఒప్పుకుంటున్నాను" అని పైకి అనాలి. వదిన గబుక్కున అనేసింది. పిట్ట వంతు వచ్చింది. నడుం నొప్పికి ఆ స్టూలు నిజంగానే హాయి. గాలీ హాయే. ఒక్క మాట అనేస్తే ఈ పూటకి అందరూ సంతోషిస్తారు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ బల్ల ముందు ఒంటరిగా కూర్చుని సాయంత్రందాకా ఎవరితో మాట్లాడాలి? రేపు, ఎల్లుండి, ఆ పైన ఎవరితో మాట్లాడాలి?

"నేనొప్పుకోను," అంది.

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్లో పడ్డాయి. "మరేం కావాలి నీకు?" టీచరమ్మ గొంతులో మొదటిసారి కరుకుదనం వినిపించింది.

పిట్ట లేచి, కుప్పలోంచి ఆరిన దుప్పటి ఒకటి లాగి, ఒక కొస ఆవిడ ముందుకు చాపింది. "ఇది మీరు పట్టుకోండి టీచరమ్మా. ఒక్క దుప్పటి. మీరు పట్టుకుంటే వీళ్లంతా చూస్తారు. ఆ తర్వాత నా పాట్లు నేను పడతా." ఎత్తిపొడుపు కాదది. మనిషి నిజంగా బతిమాలుతోంది.

టీచరమ్మ చేయి లేచింది. సగం దాకా వచ్చి, కళ్లజోడు సర్దుకుంది. "నాకీ పని అలవాటు లేదమ్మా..."

"పట్టుకోవడమే కదమ్మా. అలవాటేముంది?"

"ఆవేశంలో ఉన్నావు. మళ్లీ ఒకసారి కూర్చుని మాట్లాడుకుందాం." ఆవిడ సంచీ భుజాన వేసుకుంది. షాపాయన అప్పటికే గుమ్మం దగ్గరున్నాడు. ఇద్దరూ వెళ్లిపోయారు.

పని గంట మోగింది. ఆడవాళ్లు ఇద్దరిద్దరుగా బల్ల చుట్టూ చేరారు. విదిలింపులు మొదలయ్యాయి. వదిన అందరికంటే ఆలస్యంగా లేచింది. ఆవిడ కొత్త జోడీ అవతలి నుంచి పిలుస్తోంది.

పిట్ట దుప్పటి పట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది. "వదినా, కొసలు కలిపేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకుంటాలే. ఊపిరి బిగబట్టుకుంటా. ఒక్క మాట కూడా మాట్లాడను."

వదిన ఆగి, ఆ కొస వంక చూసింది. దుప్పటి రెండో కొస ఇద్దరి మధ్యా వేలాడుతోంది. నేలకు తగిలితే మళ్లీ ఉతకాలి. పిట్ట చేతులు ఇంకాస్త పైకెత్తి, ముఖం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టింది.