బిస్కెట్ డబ్బాలో దగ్గు

మార్చి నెలాఖరు రాగానే, బోయిన్‌పల్లి అట్టపెట్టెల కంపెనీలో హెచ్‌ఆర్ భవాని బిస్కెట్ డబ్బా తీసి బల్ల మీద పెడుతుంది. ఇన్సూరెన్స్ ఏడాది మారేముందు అందరూ తమ ఇంటిల్లిపాదివీ పాత హెల్త్ కార్డులు అందులో వేయాలి. పేరు తీయించుకున్నవాళ్లవి అప్పటికప్పుడే, మిగతావి కొత్తవి వచ్చాక ఆమె కత్తిరించేస్తుంది. ఈలోపు డబ్బాలో కార్డులు ఎవరి ఒంటిని బట్టి అవి దగ్గుతుంటాయి. గోడౌన్ జంగయ్య కార్డు ఖళ్లుఖళ్లుమంటే, "కాకా, బీడీలు జెర తగ్గించు," అంటుంది భవాని, ఫైళ్లలోంచి తల ఎత్తకుండానే.

ఈసారి మార్పుల కాగితం చూసి అందరి ముఖాలూ వాడిపోయాయి. తల్లిదండ్రుల ప్రీమియం ఇక కంపెనీ కట్టదు, జీతంలో కోస్తుంది. ఆస్పత్రి బిల్లులో ఐదో వంతు మనమే పెట్టుకోవాలి. ఇలాంటివి చెప్పేటప్పుడు ఎంత మర్యాదగా రాస్తారో!

మెషీన్ ఆపరేటర్ హరికిషన్ తల్లి అనసూయమ్మ, చిలకలగూడ ఇంట్లో ముందే తేల్చేసింది. "నాకేం రోగమున్నదిరా? నా పేరు తీపియ్యి. ఆ పైసలు పిల్ల ఫీజుకైతయ్."

ఆఖరి రోజు హరికిషన్ భవాని దగ్గరికి వచ్చాడు. "అమ్మ పేరు కొట్టేయుండ్రి మేడం. ఆరేండ్లల్ల ఆమె కార్డు ఒక్కపారి సుత దగ్గలే."

"ఒకసారి తీస్తే మళ్ల ఎక్కియ్యరన్నా," అంటూనే భవాని ఆ కార్డు వెతికి కత్తెర అందుకుంది.

కార్డు వణికింది. ఎంత బిగపట్టుకున్నా ఆగక, చిన్న దగ్గు బయటపడింది. హరికిషన్ గుర్తుపట్టాడు. వంటింట్లో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గే దగ్గు అది. ఇన్నాళ్లూ విని పోపు ఘాటనుకున్నాడు.

"ఆగుండ్రి మేడం. పేరు ఉంచుండ్రి."

ఇంటికెళ్లగానే తల్లి అడిగింది. "తీపిచ్చినవా?"

"తీపిచ్చిన. పేరు పోయే ముంగట ఒక్కపారి టెస్టులు ఫ్రీ అంట. పోకుంటే దండగైతది."

"ఫ్రీ అయితే వస్తా తియ్," అంది అనసూయమ్మ.

ఊపిరితిత్తిలో మచ్చ చిన్నగా ఉండగానే దొరికింది. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే చేయి దాటిపోయేదన్నాడు డాక్టరు. ఆపరేషన్‌కు తన వంతు కట్టడానికి హరికిషన్ బండి అమ్మేసి బస్సెక్కుతున్నాడు.

మళ్లీ మార్చి వచ్చింది. ప్రీమియం మళ్లీ పెరిగింది. భవాని డబ్బా మూత తీసింది. జంగయ్య కార్డు దగ్గుతూనే ఉంది. దాని పక్కనే అనసూయమ్మ కార్డు, ఏ మొహమాటమూ లేకుండా గుర్రుపెట్టి నిద్రపోతోంది.

హరికిషన్ కాసేపు నిలబడి విన్నాడు. తర్వాత ఫారంలో అమ్మ పేరు పక్కన టిక్కు పెట్టాడు.