కాసెట్టు మీద లేని పేరు

"పోలీసులొస్తారేమోనే డయానా, ముందా పాట తీసెయ్యి."

అప్పటికింకా ఎవరూ రాలేదు. చేపలు రుద్దుతూ అన్నాను, అంతే. బెంజ్ సర్కిల్ దగ్గర నెట్ సెంటర్‌లో పనిచేసే నా కూతురు మా క్రిస్మస్ పాట కాసెట్టులోంచి తీసి ఇంటర్నెట్‌లో పెట్టిన రోజు నుంచీ గేటు చప్పుడైతే చాలు, కిటికీలోంచి తొంగి చూస్తున్నాను. పైరసీ చేసినవాళ్ళని లోపల వేస్తున్నారని టీవీలో చెబుతున్నారు. ఆడపిల్ల స్టేషన్ మెట్లెక్కితే ఇక ఆ పిల్ల బతుకేం కాను? "కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసే మనవాళ్ళు కూడా వింటున్నారమ్మా. వాళ్ళకి కాసెట్టు ఎక్కడ దొరుకుద్ది?" అంటుంది. నిజమే. నిజమని పోలీసులు వదిలేస్తారా?

ఆ పాట పెళ్ళయిన కొత్తలో, పామర్రులో, అత్తగారింట్లో పిండి రుబ్బుతూ నేను కట్టుకున్నది. చర్చిలో పాడతామన్నప్పుడు, "కోడలి పేరు చదివితే జనం నవ్వరూ? అబ్బాయి పేరు చెప్పండి" అన్నారు అత్తగారు. అలా ఆ పాట రాసినవారు మా ఆయన సంజీవరావు అయ్యారు. తర్వాత కాసెట్టు మీదా ఆ పేరే పడింది. "మనలో నీదీ నాదీ ఏంటే?" అన్నారాయన. కూర వడ్డిస్తూ తలూపాను. ఇంట్లో నేను చేసే పనుల్లో పేరున్నది ఏదుంది గనక, ఇదొక్కటీ అడగడానికి?

ఆదివారం వన్ టౌన్ నుంచి కాసెట్ల కాశీరావుగారు రానే వచ్చారు.

"డబ్బు పోసి రికార్డు చేయించినోణ్ణండీ. అందరూ నెట్‌లో ఊరికే వింటా ఉంటే నేను షాపు మూసుకుని ఈగలు తోలుకోనా? రేపు మీ అమ్మాయి మీద కంప్లయింట్ ఇస్తన్నా."

ఆయన బాధా అబద్ధం కాదు. అందుకే నాకు మరీ భయం వేసింది.

"దీన్ని కంప్యూటర్ నేర్చుకోనివ్వడం నాదే బుద్ధి తక్కువండీ" అన్నారు మా ఆయన.

డయానా ఆయన వైపు తిరిగింది. "నాన్నా, ఆ పాట రాసింది నువ్వేనా?"

ఫ్యాను తిరుగుతోంది. కాశీరావుగారు టీ గ్లాసు కింద పెట్టి మా ఆయన్నే చూస్తున్నారు. మా ఆయన నన్ను చూస్తున్నారు, ఎప్పట్లాగే, నువ్వే ఎలాగో సర్దెయ్యి అన్నట్టు. నోరు విప్పితే ఆయన పరువు. విప్పకపోతే పిల్ల.

"రాసింది నేనండీ," అన్నాను. "రికార్డింగు మీది, ఇవాళే తీయించేస్తాను. పాట మాత్రం నాది. నేనే పాడి మళ్ళీ పెట్టిస్తాను, ఎవరైనా ఊరికే వినొచ్చు."