చెరిపితే కాలుద్ది

నేను ఒక హార్డ్ డిస్కును. ఇవాళ నల్లగొండలో ఓ ఆఫీసు బీరువాలో తుక్కుగా పడున్నాను. పడుంటే ఏం, నోరైతే పోలేదు.

మాది నీళ్లు పరీక్షించే ఆఫీసు. పన్నెండేళ్లపాటు గుండ్లోరిగూడెం బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో సైదమ్మ కొలిచి నాలో ఎక్కించింది. ఆమెదీ ఆ ఊరే. ఆ నీళ్లే తాగి మోకాళ్లు వంకరపోయాయి, గోడ పట్టుకుని నడుస్తుంది. అంకెలు ఏటేటా పెరుగుతూనే ఉన్నాయి. పెద్దసారు వేణుధర్ మాత్రం నీళ్లు బంగారమంటూ సంతకం పెట్టేశాడు. దసరా సెలవులయ్యాక తనిఖీ ఉందనేసరికి ఆయనకు నేను గుర్తొచ్చాను.

పైపైన తీసేస్తే మళ్లీ తవ్వుతారని ఆయనకు తెలుసు. అందుకే ఒక్కో గడిలో పదేపదే సున్నాలు నింపమని సెలవులకు ముందురోజు పొద్దున్నే తనే మీట నొక్కాడు.

చెరపడమంటే ఉఫ్ మని ఊదేయడం అనుకుంటారు మీరంతా. అంత తేరగా రాదు. నాలో అంకెలు వరసగా ఎక్కడానికి కరెంటు కావాలి, వాటిని చెరపాలన్నా కావాలి. చెరిపిన ప్రతి గుర్తుకూ ఎంతోకొంత వేడి బయటికి పోవాల్సిందే, చీమ ఊపిరంతైనా సరే. ఇల్లు ఊడిస్తే చెత్త వాకిట్లోకి చేరినట్టు, చిందరవందర చోటు మారుతుందే తప్ప మాయమవదు. ఈ సుంకం ఏ ఆఫీసరూ ఎగ్గొట్టలేడు.

మొదటి మూడేళ్ల అంకెలు పోయేసరికి నా ఒళ్లు కాలిపోయింది. ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

ఇంతలో ఆఫీసులో ఆయుధపూజ మొదలైంది. సైదమ్మ కంప్యూటర్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టింది. పూజైన పనిముట్టు పండగ దాటేదాకా పనిచేయకూడదంటూ మెయిన్ స్విచ్ ఆపేసింది. పోయినేడు పూజయ్యాక జీపు తీశాడని డ్రైవరును అందరిముందూ తిట్టినవాడు ఈ పెద్దసారే. ఇప్పుడేమంటాడు? కొబ్బరిచిప్ప పట్టుకుని గుడ్లప్పగించాడు. కరెంటు లేదు, చెరపడమూ లేదు.

సెలవులయ్యాక సారు కన్నా ముందే తనిఖీ మేడమ్ దిగింది. సైదమ్మ నన్ను లేపింది. మిగిలిన తొమ్మిదేళ్లూ గడగడా అప్పజెప్పాను. అప్పుడొచ్చాడు సారు, చెమటలు కక్కుతూ. మొదటి మూడేళ్లే లేనప్పుడు మిగతావి ఎలా నమ్ముతారని దబాయించాడు. ఆ మూడేళ్లు ఏవని మేడమ్ అడిగింది. సైదమ్మ గోడ పట్టుకుని లేచి, చీర కొంచెం పైకెత్తి మోకాళ్లు చూపించింది.

"ఇగో, ఈడున్నయ్ మేడమ్. వీటిని గూడ జెరుపుమనుండ్రి సారును."

మేడమ్ అదీ రిపోర్టులో రాసుకుంది. ఆ ఏడే గూడేనికి మంచినీళ్ల పైపు వచ్చింది. నేనేమో బీరువాలోకి వచ్చాను. రేపు నన్ను కొలిమిలో వేస్తారట. వెయ్యండి, ఆ వేడీ మీకే తగులుతుంది.